మీథేన్‌ను తింటున్నాయా, తయారు చేస్తున్నాయా: సముద్రపు బురద సీసాల డైరీ

ఆగస్టు

ఈ ప్రాజెక్టు అడిగేది ఒక్కటే. మా దగ్గరున్న సముద్రపు బురదలోని ఆర్కియా (బ్యాక్టీరియాలా ఏకకణ జీవులే కానీ వేరే వంశానివి) మీథేన్‌ను తయారు చేస్తున్నాయా, తింటున్నాయా? డీఎన్‌ఏ ఒక్కటే చదివి దీనికి జవాబు చెప్పలేం. మీథేన్‌ను తయారు చేసే ఆర్కియాలో చివరి మెట్టును నడిపే ఎంజైము మిథైల్ కోఎంజైమ్ ఎం రిడక్టేజ్. మీథేన్‌ను తినే ఆర్కియాలో మొదటి మెట్టును నడిపేదీ అదే ఎంజైము, కాకపోతే దిశ తిరగబడి ఉంటుంది. జన్యువు దొరికితే యంత్రం ఉందని తెలుస్తుంది. అది ముందుకు తిరుగుతోందో వెనక్కి తిరుగుతోందో తెలియదు. అది తెలియాలంటే బతికున్న బురదను సీసాల్లో పెట్టి, ఏది తగ్గుతోందో ఏది పెరుగుతోందో కొలవాలి. ఆ కొలతల కథే ఈ డైరీ.

బురద ఖండపు వాలు మీద, అంటే ఖండం అంచు లోతు సముద్రంలోకి దిగే చోట, మీథేన్ ఊరే చోటి నుంచి వచ్చింది. సముద్రం అడుగున దింపిన గొట్టంలో చిక్కిన మట్టి స్తంభాన్ని మేం కోర్ అంటాం. అది డెక్ మీదికి చేరేసరికి లోపల ఒకటే కదలిక. అడుగున ఉన్న ఒత్తిడి పైకి వచ్చేకొద్దీ తగ్గిపోయింది కాబట్టి, నీటిలో కరిగి ఉన్న మీథేన్ బుడగలై బయటపడుతోంది. పారదర్శకమైన గొట్టంలో మట్టి అడ్డంగా చీలుతూ ఉండటం కళ్ళెదుటే కనిపించింది. పైన పలుచని తెల్లటి పొర ఉంది. అవి బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా పోగులు. తమ కణాల్లో దాచుకున్న గంధకపు రేణువుల వల్లే వాటికి ఆ తెలుపు. దాని కింద ఇనుము సల్ఫైడ్‌తో నల్లబడిన మట్టి. ఇంకా కింద బూడిద రంగు, మధ్య మధ్య గట్టి సున్నపు గడ్డలు. మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన డెక్ అంతా పరుచుకుంది. ఆ వాసన నాకు ఎంతో ఇష్టం. అది హైడ్రోజన్ సల్ఫైడ్. కింద ఎవరో సల్ఫేట్‌తో బతుకుతున్నారనడానికి అదే మొదటి సాక్ష్యం. అయితే ఈ వాయువు విషయంలో ముక్కును నమ్ముకోకూడదు. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తే మందగిస్తుంది. అందుకే ఆ పని చేసే ప్రతి ఒక్కరి చొక్కాకూ మీటరు తగిలించి ఉంటుంది.

సీసాల పనికి ముందు కోర్ పొడవునా మట్టిరేణువుల మధ్య ఉన్న నీటిని బయటికి లాగాం. గొట్టం పక్కన ముందే వేసి ఉంచిన రంధ్రాల్లోంచి సూక్ష్మ రంధ్రాలున్న సన్నని నాళికలను గుచ్చి, వాటికి సిరంజిలు తగిలించి, పిస్టన్‌ను వెనక్కి లాగి పుల్లతో బిగించి వదిలేస్తే చుక్క చుక్కగా తేట నీరు చేరుతుంది. మట్టి మాత్రం రాదు.

ఆ నీటిలో ఏముందో చూశాక నాకు ధైర్యం వచ్చింది. సముద్రపు నీటిలో సల్ఫేట్ లీటరుకు దాదాపు 28 మిల్లీమోల్స్ ఉంటుంది. లోతు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ దానిలో వందో వంతు కూడా ఉండదు. మట్టిలోకి దిగేకొద్దీ సూక్ష్మజీవులు తమ ఆహారాన్ని ఆక్సీకరించడానికి వాడేవాటిలో ఎక్కువ శక్తినిచ్చేదాన్ని ముందు ఖర్చు చేస్తాయి. మొదట ఆక్సిజన్, తరువాత నైట్రేట్, మాంగనీస్, ఇనుము, వాటి తరువాత సల్ఫేట్. ఈ వరుసను 1979లో ఫ్రోలిక్, ఆయన సహచరులు అట్లాంటిక్ మట్టి నీటిలో కొలిచి చూపించారు. మా కోర్‌లో సల్ఫేట్ పై నుంచి ఇంచుమించు తిన్నని గీతలా తగ్గుతూ వచ్చి, కొన్ని సెంటీమీటర్ల లోతులో అడుగంటింది. మీథేన్ సరిగ్గా అక్కడి నుంచే కిందికి పెరుగుతోంది. సల్ఫేట్ దారి పొడవునా ఖర్చవుతూ ఉంటే గీత వంగాలి. తిన్నగా దిగిందంటే పైన దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు, అడుగున, మీథేన్‌ను కలిసే ఒక్కచోటే ఖర్చవుతోందన్నమాట. మీథేన్ అంకెలను మాత్రం నేను అంతగా నమ్మను. పైకి వచ్చే దారిలోనే అది చాలావరకు పోయింది. సల్ఫేట్‌కు ఆవిరయ్యే గుణం లేదు కాబట్టి నా భరోసా దాని మీదే.

ఇలాంటి గీతలనే చూసి 1970లలో మార్టెన్స్, బెర్నర్, రీబర్గ్, బార్న్స్, గోల్డ్‌బర్గ్ వంటి భూరసాయన శాస్త్రవేత్తలు ఆక్సిజన్ లేని చోట మీథేన్ ఖర్చవుతోందని రాశారు. ఆ పని చేసే జీవిని ఎవరూ పెంచి చూపలేకపోయారు కాబట్టి సూక్ష్మజీవ శాస్త్రవేత్తల్లో చాలామంది చాలాకాలం ఒప్పుకోలేదు. గీతలు చెప్పింది నిజమని తేలడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. జీవి కనిపించకపోయినా, అది చేసే పని నీటిలో కనిపిస్తుంది.

సెప్టెంబరు

సీసాలు సిద్ధమయ్యాయి. మొత్తం నాలుగు రకాలు. మొదటి రకంలో బురద, కృత్రిమ సముద్రపు నీరు, పైన మీథేన్. రెండో రకంలో మీథేన్ బదులు నైట్రోజన్. మూడో రకంలో మీథేన్ ఉంటుంది కానీ బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ కూడా కలిపాం. కోఎంజైమ్ ఎం ను పోలి ఉండే ఈ పదార్థం ఆగస్టులో చెప్పిన ఎంజైములో దూరి పనిని ఆపేస్తుంది. నాలుగో రకంలో ఆటోక్లేవ్‌లో వేడి ఆవిరి పట్టి చంపిన బురద.

వీటన్నిటిలో నైట్రోజన్ సీసాలే అసలు కీలకం. చూసేవాళ్ళకు అది తోచదు. బురదలో చనిపోయిన ప్లవకాల అవశేషాలు ఎన్నో ఉంటాయి. సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా వాటిని తిని కూడా సల్ఫైడ్ వదులుతుంది. అందుకని మీథేన్ సీసాలో సల్ఫైడ్ పెరిగినంత మాత్రాన ఏమీ రుజువు కాదు. నైట్రోజన్ సీసాలో పెరిగినదాన్ని తీసివేయగా మిగిలిందే మీథేన్ లెక్కలోకి వస్తుంది.

నీటి తయారీకే ఎక్కువ సమయం పట్టింది. ఇక్కడి జీవుల్లో చాలా వాటికి ఆక్సిజన్ విషం. లవణాలు కరిగించిన నీటిలో ఆక్సిజన్ జాడను రంగుతో చూపే రెసజురిన్ కలిపితే నీలం రంగు వస్తుంది. దాన్ని మరిగించి, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమాన్ని లోపలికి ఊదుతూ ఉంటే నీలం కాస్తా గులాబీకి తిరుగుతుంది. గులాబీ అంటే ఆక్సిజన్ జాడ ఇంకా ఉన్నట్టే. చల్లారాక సోడియం సల్ఫైడ్ ద్రావణం కొద్దిగా వేశాం. గులాబీ కాసేపు అలాగే నిలబడింది, తరువాత పలచబడుతూ పలచబడుతూ చివరికి మెడ దగ్గర ఒక లేత వలయం మాత్రమే మిగిలింది. సీసాను ఒకసారి తిప్పాక అదీ పోయింది. రంగు పూర్తిగా పోయేదాకా బురద సంచిని తెరవలేదు. గాలి సోకకుండా సీసాల్లో సూక్ష్మజీవులను పెంచే ఈ విద్యకు ఆద్యుడు రాబర్ట్ హంగేట్. పశువుల మొదటి కడుపులోని జీవుల కోసం ఆయన రూపొందించుకున్న పద్ధతి ఇప్పుడు సముద్రగర్భానికీ పనికొస్తోంది.

బురదను ఆక్సిజన్ లేని గ్లవ్ బాక్సులో పంచాం. మూతలుగా మందపాటి బ్యూటైల్ రబ్బరు బిరడాలు, వాటి మీద అల్యూమినియం పట్టీలు. వాయువులను ఆపడంలో మామూలు రబ్బరు కన్నా బ్యూటైల్ ఎంతో మెరుగు. అయినా నెలల తరబడి ఉంచాలి కాబట్టి సీసాలను తలకిందులుగా నిలబెట్టాం. అప్పుడు బిరడాకు తగిలేది నీరే కానీ వాయువు కాదు, లీకయ్యే అవకాశం తగ్గుతుంది. 4 డిగ్రీల శీతల గదిలో, చీకట్లో, అరల మీద వాటిని సర్దాం.

అక్టోబరు

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సల్ఫేట్ కాస్త తగ్గుతున్నట్టుంది కానీ నీటిలో సల్ఫైడ్ దాదాపు కదలలేదు. కారణం సీసా రంగులోనే ఉంది. బూడిద రంగు బురద నల్లబడుతోంది. మట్టిలో ఉన్న చురుకైన ఇనుము, పుట్టిన సల్ఫైడ్‌ను పుట్టినట్టే పట్టేసుకుంటోంది. ఇనుము తీరాకే సల్ఫైడ్ నీటిలోకి వస్తుంది. అందుకే సల్ఫేట్‌నూ సల్ఫైడ్‌నూ రెంటినీ కొలుస్తున్నాం.

నవంబరు

ఇప్పుడు సల్ఫైడ్ పైకి వస్తోంది. ఈ పరీక్ష ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు సిరంజిని నైట్రోజన్‌తో కడుగుతాం. సీసాలోంచి ఎంత నీరు తీయబోతున్నామో అంత వాయువు ముందుగా లోపలికి పంపి, ఆ తరువాత నీరు లాగుతాం. బయటికి తీసిన నీటిని క్షణం కూడా ఆలస్యం చేయకుండా జింక్ ఎసిటేట్ ఉన్న చిన్న గొట్టంలోకి వదులుతాం. గాలి తగిలితే సల్ఫైడ్ నిలవదు, జింక్ దాన్ని పట్టి ఉంచుతుంది. సల్ఫైడ్ ఎక్కువున్న సీసా అయితే చుక్క పడిన చోటే తెల్లటి మబ్బు కమ్ముతుంది. తరువాత ఆమ్లంలో కరిగించిన డైఅమీన్, ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన ద్రావణం వేస్తాం. గొట్టం ముందు ఎర్రబారుతుంది. కాసేపటికి ఆ ఎరుపు అడుగున ఊదాగా మారి, ఊదా నుంచి నీలం తేలుతుంది. అరగంట ఆగితే మిథిలీన్ బ్లూ అనే రంగు పూర్తిగా తయారవుతుంది, సల్ఫైడ్ ఎంత ఎక్కువుంటే అంత చిక్కగా. 670 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ ఆ నీలాన్ని అంకెగా మారుస్తుంది. 1969లో జోయెల్ క్లైన్ సహజ జలాల కోసం స్థిరపరచిన పద్ధతి ఇది. ఇన్నేళ్ళ తరువాత కూడా మా బల్ల మీద దీన్ని మించింది లేదు.

ఈ రోజు గొట్టాలను వరుసగా నిలబెడితే తేడా కంటికే కనిపించింది. మీథేన్ సీసాలవి చిక్కటి నీలం. నైట్రోజన్‌వి లేత నీలం. బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ అనే విషం కలిపినవి నైట్రోజన్ వాటికి దగ్గరగానే ఉన్నాయి. చంపిన బురదలో మొదట మేం కలిపిన సల్ఫైడ్ తప్ప ఇంకేమీ లేదు.

నాతో పనిచేసే విద్యార్థిని చాలాసేపు వాటిని చూసి అడిగింది. "మేడమ్, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో యాన్‌మీ-2 అనే ఆర్కియా గుంపు పేరు ముందే వచ్చింది కదా. అవి మీథేన్ తినేవేనని అందరికీ తెలుసు. మరి ఇన్ని నెలల పని ఎందుకు?"

"పేరు వాటి బంధువులను బట్టి పెట్టింది అమ్మా. ఈ సీసాలో అవి ఏం చేస్తున్నాయో పేరు చెప్పదు" అన్నాను.

ఇది ఊరికే జాగ్రత్త కోసం అన్న మాట కాదు. యాన్‌మీ-1 అనే మరో గుంపు, సల్ఫేట్ అయిపోయి మీథేన్ పుట్టే లోతుల్లో కూడా కనిపిస్తోంది. అక్కడ అది మీథేన్‌ను తయారు చేస్తూ ఉండవచ్చని కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు, కొందరు కాదంటున్నారు. ఒక జీవికి ఒక పని అని రాసిపెట్టే పట్టికలు సముద్రగర్భంలో చెల్లుతాయని నేను అనుకోను.

జనవరి

సీసాలను తిప్పడం, కొలవడం, మళ్ళీ తిప్పడం. ఈ పనికి ఓపిక ఒక అర్హత. ఈ జీవులకు ఒక మీథేన్ అణువు మీద దొరికే శక్తి చాలా తక్కువ. సహజ పరిస్థితుల్లో మోలుకు సుమారు 20 నుంచి 40 కిలోజౌల్స్. అదే మీథేన్‌ను ఆక్సిజన్‌తో దహిస్తే 800కు పైగా వస్తాయి. ఆ కొద్దిపాటి శక్తినీ ఆర్కియా, బ్యాక్టీరియా పంచుకోవాలి. అందుకే వీటి సంఖ్య రెట్టింపు కావడానికి నెలలు పడుతుంది. ఈ చలికాలమంతా మేం చూస్తున్నది కొత్తగా పుట్టిన కణాల పనిని కాదు. సముద్రం అడుగు నుంచి మాతో వచ్చిన కణాలే ఇంకా పనిచేస్తున్నాయి.

సందర్శకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. అంత ఒత్తిడిలో బతికినవాటిని మామూలు ఒత్తిడిలో పెడితే అవి అలాగే ప్రవర్తిస్తాయా? న్యాయమైన ప్రశ్న. దీనికి ఒక పాత సంఘటన గుర్తుకొస్తుంది. 1968లో ఆల్విన్ అనే జలాంతర్గామి నౌకను నీటిలోకి దింపుతుండగా తీగలు తెగి అది మునిగిపోయింది. లోపలి మనుషులు ప్రాణాలతో బయటపడ్డారు, వాళ్ళ భోజనం మాత్రం దానితోపాటు 1,500 మీటర్ల లోతుకు వెళ్ళింది. పది నెలల తరువాత 1969లో నౌకను పైకి తీసినప్పుడు సాండ్‌విచ్‌లు, ఆపిళ్ళు, సూపు ఆశ్చర్యపరిచేంత బాగా ఉన్నాయి. అదే తిండి ఫ్రిజ్‌లో, దాదాపు అదే చలిలో పెడితే కొన్ని వారాల్లోనే పాడైపోయింది. హోల్గర్ యానష్ దీన్ని పట్టుకుని, లోతు సముద్రంలో కుళ్ళడం ఎందుకంత నెమ్మదిస్తుందో ఏళ్ళ తరబడి పరిశోధించారు. నీళ్ళలో ముంచి ఉంచిన సీసాలతో ఆయన చేసిన ప్రయోగాలు ఈ రంగానికి పునాదుల్లాంటివి.

మా విషయంలో చిక్కు కొంచెం వేరు. మామూలు ఒత్తిడిలో సముద్రపు నీటిలో కరిగే మీథేన్ లీటరుకు ఒకటి రెండు మిల్లీమోల్స్ మాత్రమే. సముద్రం అడుగున ఇంకా ఎంతో కరుగుతుంది. మీథేన్ ఒత్తిడిని 11 రెట్లు పెంచినప్పుడు ఈ పని వేగం నాలుగైదు రెట్లు పెరిగిందని అమెరికాలోని ఒరెగాన్ తీరం దగ్గర సముద్రగర్భంలో ఉన్న హైడ్రేట్ రిడ్జ్ బురద మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి మా సీసాల వేగాన్ని సముద్రం వేగంగా ఎక్కడా రాయం. మాకు కావాల్సింది దిశ. అది ఒత్తిడి లేకపోయినా తెలుస్తుంది.

ఒక మీథేన్ సీసాలో పైనీరు గులాబీకి తిరిగింది. గాలి చొరబడింది. దాన్ని లెక్కలోంచి తీసేశాం.

మార్చి

ఇక అసలు లెక్క. ఒక మీథేన్, ఒక సల్ఫేట్ కలిస్తే ఒక బైకార్బనేట్, ఒక సల్ఫైడ్, ఒక నీటి అణువు. ఒకటికి ఒకటి. నైట్రోజన్ సీసాల అంకెలు తీసివేశాక, తగ్గిన మీథేన్‌ను ఒక అక్షం మీద, తగ్గిన సల్ఫేట్‌ను ఇంకో అక్షం మీద పెట్టి చుక్కలు గుర్తించాం. అవి ఒకటికి ఒకటి గీతను అంటిపెట్టుకుని ఉన్నాయి. కాగితం మీద ఆ గీత గీసినప్పుడు గదిలో ఎవరం మాట్లాడలేదు, తరువాత అందరం ఒక్కసారే మాట్లాడాం.

బరువైన కార్బన్, అంటే కార్బన్-13 ఉన్న మీథేన్‌ను కొన్ని సీసాల్లో విడిగా పెట్టాం. ఆ కార్బన్ బైకార్బనేట్‌లో తేలింది. చాలామంది ఇక్కడితో ఆగి రుజువైందంటారు. నేను ఆగను. మీథేన్‌ను తయారు చేసే ఆర్కియా కూడా అదే సమయంలో కొంచెం మీథేన్‌ను వెనక్కి ఆక్సీకరిస్తాయని జెండర్, బ్రాక్ 1979లోనే చూపించారు. ఎంజైము రెండు వైపులా కదులుతుంది కాబట్టి గుర్తు పెట్టిన కార్బన్ కాస్త అటు చేరడం దానంతట అదే సాక్ష్యం కాదు. మొత్తం మీథేన్ తగ్గాలి, దానికి సరిపడా సల్ఫేట్ తగ్గాలి, విషం వేస్తే రెండూ ఆగాలి. ఈ మూడూ మా సీసాల్లో కలిసివచ్చాయి. ఈ బురదలో యంత్రం మీథేన్‌ను తినే దిశలోనే తిరుగుతోంది.

సున్నపు గడ్డల సంగతీ ఇప్పుడు అర్థమవుతుంది. ఈ చర్యలో పుట్టిన బైకార్బనేట్ సముద్రపు కాల్షియంతో కలిసి రాయిగా దిగుతుంది. కింది నుంచి వచ్చిన మీథేన్‌లోని కార్బన్ ఆకాశానికి పోకుండా నేలలోనే రాయైపోతోంది. సముద్రపు మట్టిలో పైకి వచ్చే మీథేన్‌లో ఎక్కువ భాగం, కొన్ని అంచనాల ప్రకారం 90 శాతం దాకా, నీటిని చేరకముందే ఇలా ఖర్చవుతోంది. ఆ పని చేస్తున్నవి మనం పరీక్షనాళికలో శుద్ధంగా పెంచలేని జీవులు.

ఏప్రిల్

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద వాటిని చూశాం. ఆర్కియాకు ఒక రంగు, సల్ఫేట్‌ను వాడే బ్యాక్టీరియాకు ఇంకో రంగు అంటించే డీఎన్‌ఏ ముక్కలను కలిపాం. నల్లటి తెర మీద మట్టి రేణువులు మసకగా వెలుగుతున్నాయి. ఫోకస్ తిప్పుతుంటే ఒక రేణువు పక్కన గుండ్రటి ముద్ద స్పష్టమైంది. మధ్యలో ఎర్రటి కణాలు కిక్కిరిసి ఉన్నాయి, చుట్టూ ఆకుపచ్చ కణాల పొర. పక్కనే ఇంకొకటి ఉంది, అందులో రెండు రంగులూ కలగలిసి ఉన్నాయి.

2000లో ఆంట్యే బొయెటియస్ బృందం హైడ్రేట్ రిడ్జ్ బురదలో ఇలాంటి ముద్దలనే మొదటిసారి చూపించింది. సగటున దాదాపు 100 ఆర్కియా కణాలు లోపల, వాటి చుట్టూ దాదాపు 200 బ్యాక్టీరియా కణాలు. మొత్తం వెడల్పు సుమారు మూడు మైక్రోమీటర్లే. దానికి ఏడాది ముందు హిన్‌రిక్స్ బృందం కాలిఫోర్నియాలోని ఈల్ నది ముఖం దగ్గరి సముద్రపు మట్టిలో ఆర్కియా కొవ్వుల కార్బన్ అసాధారణంగా తేలికగా, అంటే మీథేన్‌లో లాగే కార్బన్-13 చాలా తక్కువగా, ఉండటం చూసి, అవి మీథేన్‌నే తింటున్నాయని చెప్పింది. రెండు ఆధారాలూ కలిశాక పాతికేళ్ళ నాటి వాదన సద్దుమణిగింది.

విద్యార్థిని చాలాసేపు కంటిచూపు తిప్పలేదు. "ఇవి ఒకదానికొకటి ఏమిచ్చుకుంటున్నాయి మేడమ్?" అంది. నేను ఆమె నుంచి వినాలనుకున్న ప్రశ్న అదే. మొదట హైడ్రోజన్ అనుకున్నారు, అది సరిపోలేదు. 2015లో వచ్చిన రెండు అధ్యయనాలు ఎలక్ట్రాన్లే నేరుగా కణం నుంచి కణానికి చేరుతున్నాయని చూపించాయి. ఒకదాంట్లో కణాల మధ్య సన్నని తీగల వంటి నిర్మాణాలు కనిపించాయి. ఇంకోదాంట్లో ముద్దలో కణాలు ఎలా అమరినా పని వేగం పెద్దగా మారలేదు. హైడ్రోజన్ వంటి అణువే మోసుకెళ్తూ ఉంటే భాగస్వామికి దూరంగా ఉన్న కణం వెనకబడాలి. అలా జరగలేదు.

మే

తరువాతి విడత మొదలైంది. మీథేన్ సీసాల బురదను సగం సగంగా పంచి కొత్త నీరు పోశాం. ఒక వరుసలో ఎప్పటిలాగే సల్ఫేట్. రెండో వరుసలో సల్ఫేట్ లేదు, దాని బదులు ఆంత్రాక్వినోన్ డైసల్ఫోనేట్ అనే ఎలక్ట్రాన్ గ్రాహకం ఉంది. 2016లో విక్టోరియా ఆర్ఫన్ బృందం ఇది ఇస్తే ఆర్కియా తమ బ్యాక్టీరియా భాగస్వామి లేకుండానే మీథేన్‌ను తినగలవని చూపించింది. ఎలక్ట్రాన్లు అందుకుంటే ఈ పదార్థం లేత పసుపు నుంచి నారింజ ఎరుపుకు తిరుగుతుంది. కాబట్టి ఈసారి మొదటి సూచన నీలం కాకుండా నారింజలో రావాలి.

మా బురదలో యాన్‌మీ-2తో పాటు కొంచెం యాన్‌మీ-1 కూడా ఉంది. రెండూ ఈ గ్రాహకాన్ని ఒకే వేగంతో వాడుకుంటాయా అన్నది చూడాలి. మీథేన్ బదులు నైట్రోజన్ పెట్టిన సీసాలు ఈ వరుసలోనూ ఉన్నాయి, విషం కలిపినవీ ఉన్నాయి. బ్యాక్టీరియాను మాత్రమే ఆపడానికి మాలిబ్డేట్ కలిపిన సీసాలను కొత్తగా చేర్చాం. అది సల్ఫేట్‌ను పోలి ఉండి దాని దారిని మూసేస్తుంది. గ్రాహకం ఉన్నచోట మాలిబ్డేట్ వేసినా మీథేన్ తగ్గుతూనే ఉంటే, ఆర్కియా ఒంటరిగా పనిచేస్తున్నాయని మేమే కొలిచి చెప్పగలుగుతాం. మొదటి నమూనాలు జూన్‌లో తీస్తాం.